వెయ్యి తొమ్మిదో మనిషి

ఫోటోలాయనకి వరస వంకరపోతే అన్నం సహించదు. ఇంట్లో చెప్పులు కూడా బారులు తీరి ఉండాల్సిందే. అలాంటివాడికి బట్టలమిల్లు యజమాని దగ్గర్నించి కబురొచ్చింది. మిల్లులో అందర్నీ ఒకే ఫోటోలో తియ్యాలట, వరసలన్నీ సమానంగా ఉండాలట. యజమానితో కలిపి లెక్క వెయ్యి తొమ్మిది.

"అదెంత పనండీ!" అనేశాడు. నోరా, వీపుకి దెబ్బలు తేకే అంటారే, సరిగ్గా అదే.

ఏడు వరసలు వేశాడు, ఒకరు మిగిలారు. ఎనిమిదికీ ఒకరే. తొమ్మిదికీ ఒకరే. పదకొండు వేస్తే ఏకంగా ఎనిమిదిమంది మిగిలారు. ఎండ చుర్రుమంటోంది. క్యాంటీన్ వాళ్లు అందరికంటే చివర నిలబడ్డారు కాబట్టి ప్రతిసారీ మిగిలేవాళ్లలో గిన్నెలు తోమే ఆవిడ ఉంటోంది. ఖర్మ కొద్దీ ఆవిడ ఈయన పెళ్లామే!

మిల్లు గుమాస్తా కాగితం ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. "ఇది ప్రధాన సంఖ్య సార్! ఒకటీ, తనూ తప్ప ఇంకేదీ భాగించలేదు. ముప్పై ఒకటి దాకా చూశాను. తిరగేసి తొమ్మిది వేల ఒకటి అని చదివినా ప్రధానమే!" అతని మొహం వెలిగిపోతోంది.

"ఇప్పుడు దీన్నేం చెయ్యమంటావయ్యా?" అన్నాడు యజమాని.

"ఇరవై ఎనిమిది వర్గం, పదిహేను వర్గం కలిపితే ఇదే వస్తుంది సార్. రెండు చతురస్రాలుగా నిలబెడదామా?"

"నా మిల్లుని రెండు ముక్కలు చేస్తావా? ఒకర్ని తీసెయ్యండి, పీడా పోతుంది!"

ఫోటోలాయన గొంతు సవరించుకున్నాడు. "ఏమే, నువ్వు కాస్త పక్కకి..."

"పక్కకా!" ఆవిడ కొంగు బిగించింది. "మన పెళ్లిలో ఏం చేశారండీ? ఫోటోలవాడు సరిగ్గా తియ్యట్లేదని కెమెరా లాక్కున్నారు. ఆల్బమ్ నిండా నేనొక్కదాన్నే. చూసినవాళ్లు పెళ్లికొడుకేడమ్మా అని అడుగుతుంటే తల కొట్టేసినట్టుంటుంది. ఇప్పుడు నన్ను కూడా తీసేస్తే, మనిద్దరం కాపురం చేశామనడానికి మన ఇంటి గోడమీద బల్లే సాక్ష్యం!"

జనం గొల్లుమన్నారు. ఆయన నవ్వలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు పాపం. ఆ ఆల్బమ్ ఎంత బాగా వచ్చిందో అని ఇన్నేళ్లూ మురిసిపోయాడే గానీ, అందులో తను లేనన్న సంగతే తట్టలేదు.

"గుమాస్తాగారూ, వెయ్యి పది అయితే?" అని అడిగాడు.

గుమాస్తా మొహం చిట్లించాడు. "పది వరసలు, వరసకి నూట ఒక్కరు. మామూలు సంయుక్త సంఖ్య సార్, దాంట్లో గొప్పేముంది?"

"గొప్ప లేకపోతే మానె," అన్నాడు ఫోటోలాయన.

కెమెరాకి టైమర్ పెట్టి, పంచె ఎగ్గట్టి, వెయ్యిమంది చూస్తుండగా పరుగు తీసి చివరి వరసలో పెళ్లాం పక్కన నిలబడ్డాడు.

వరసలు గీత గీసినట్టు వచ్చాయి. ఒక్కటే లోపం. అందరూ కెమెరా వైపు చూస్తుంటే, చివర ఒకాయన మాత్రం ఒగరుస్తూ పెళ్లాం మొహంలోకి చూస్తున్నాడు. యజమానికి ఒళ్లు మండి, మళ్లీ తియ్యమన్నాడు.

కుదరదన్నాడు ఫోటోలాయన.