జవాబిచ్చిన ఏడో గోడ

దెయ్యాలంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. ప్రభుత్వంలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసిన ముప్పై మూడేళ్ళలో పాడుబడ్డ బంగళాల్లో పడుకున్నాను. ఒకసారి శ్మశానం ప్రహరీకి ఆనించి వేసిన రేకుల షెడ్డులో నెల రోజులున్నాను. అక్కడ నన్ను పీడించినవి దోమలే. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి ముసలాయన భయపడ్డాడని ఎవరూ అనుకోకూడదు. ఆ రోజంతా నేను భయపడింది లేదు. పెళ్ళివారింట్లో పిల్లాడిలా హుషారుగా తిరిగాను.

పంతొమ్మిదో ఏట నుంచి డైరీ రాస్తున్నాను. ఇప్పుడు డెబ్బై ఒకటి. వాన ఎంతసేపు కురిసింది, ఎవరు వచ్చి వెళ్ళారు, ఏ పని ఎన్నింటికి మొదలైంది, అంతవరకే. ఊహలు రాసే అలవాటు లేదు. ఇప్పుడు చెప్పేది కూడా ఆ డైరీ, ఫోనులో తీసిన వీడియో పక్కన పెట్టుకుని రాస్తున్నదే.

రిటైరయ్యాక నేనూ, నా భార్య వరాలూ అరకులోయలోనే ఉండిపోయాం. మాది పాత పెంకుటిల్లు. కాఫీ గింజల వ్యాపారం చేసే కుటుంబం ఎప్పుడో కట్టించుకున్నది. మట్టితో కట్టిన ఇటుక గోడలు, పైన సున్నం. ముందు భాగం బాగానే ఉంది. వెనక మాత్రం వరండాలోకి తెరుచుకునే రెండు ఇరుకు గదులున్నాయి. ఒక్కోటి వెడల్పు ఏడడుగులు. వాటిలో పాత సామాన్లు వేసుకునేవాళ్ళం.

పోయిన శీతాకాలం చివర్లో మా అక్కకి పక్షవాతం వచ్చింది. పార్వతీపురంలో ఒక మేడమీద అద్దెకి ఒంటరిగా ఉండేది. విశాఖపట్నం ఆసుపత్రిలో చేర్చాం. ప్రాణం దక్కింది గానీ కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. ఇక చక్రాల కుర్చీయే అన్నారు డాక్టరు. నన్ను చదివించి మనిషిని చేసింది మా అక్క. ఆవిడ వంకర పోయిన మూతితో, ఒక్కొక్క మాటే కూడబలుక్కుని, "మరి నానెక్కడుండాల్రా?" అని అడిగింది. మా ఇంట్లోనే అన్నాను. అన్నానే గానీ ఆ ఏడడుగుల గదిలో మంచం వేస్తే కుర్చీ తిరగదు. మధ్య గోడ తీసేసి రెండు గదులూ ఒకటి చెయ్యాలి.

అలా మొదలైంది మా ఇంటి పని.

కట్టేటప్పుడు అందరూ ఫొటోలు తీసుకుంటారు. కూల్చేటప్పుడు తీసేవాళ్ళు తక్కువ. నాకది మొదటి నుంచీ నచ్చదు. పోయేదాన్నే కదా ముందు రాసిపెట్టుకోవాలి! ఇంట్లో ఉన్న పదకొండు గోడలకీ బొగ్గుతో అంకెలు వేశాను. పొడవు, ఎత్తు, మందం కొలిచాను. ఫోనుని స్టాండుకి బిగించి పని జరుగుతున్నంతసేపూ వీడియో తీశాను. రోజుకో ఆశ్చర్యం. సున్నం పెచ్చులు ఊడుతుంటే ఒకదాని కింద ఒకటి నీలం, గులాబీ, పచ్చ. ఒక మూల తొమ్మిది పొరలు లెక్కపెట్టాను. గూట్లో పాత మట్టి ప్రమిద ఒకటి దొరికింది. పొద్దున్నే మంచు విడవక ముందే పెన్నూ టేపూ పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయేవాణ్ణి. ఎదురింట్లో అద్దెకి తీసుకున్న గదిలోంచి వరాలు టిఫినుకి కేకలు వేసేది.

పని చేసింది గాసన్న గుంపు. గాసన్న మేస్త్రి, భార్య చిలకమ్మ, ఇంకో నలుగురు. అందరూ లోయకి పైనున్న ఒకే ఊరి వాళ్ళు. మొదటి రోజే వాళ్ళ కట్టడి ఒకటి చూశాను. గోడ మీద దెబ్బ వేసే ముందు గాసన్న గునపం మొనతో మూడుసార్లు తడతాడు. అవతల మనిషి ఉంటే రెండుసార్లు తిరిగి తట్టాలి. జవాబు వస్తే ఆ మనిషి ఇవతలికొచ్చి పక్కన నిలబడే దాకా దెబ్బ పడదు. జవాబు రాకపోతేనే పని.

"మా మావ కాలు ఇలాగే పోనాది బాబూ," అన్నాడు గాసన్న. "అటేపు తట్ట నింపుకుంటన్నాడు. ఇటేపోడు సూసుకోనేదు. ఆ దినం నుంచి మాకు ఈ కట్టడి."

నాకు భలే నచ్చింది. ఏ కాంట్రాక్టరు దగ్గరా ఇంత మంచి పద్ధతి చూడలేదు. అదీ డైరీలో రాసుకున్నాను. చిలకమ్మ నవ్వింది. "బాబు గోరు గోడల పుట్టినరోజులు కూడా రాసుకుంటారు!"

పెంకులు దించారు. ఆరో గోడ సగం తీశారు. ఇక మిగిలింది రెండు గదుల మధ్య ఉన్న ఏడో గోడ. పొడవు పదకొండు అడుగుల నాలుగు అంగుళాలు, ఎత్తు ఎనిమిది, మందం పద్నాలుగు అంగుళాలు. ఆ రోజు శనివారం. మర్నాటి నుంచి గాసన్న వాళ్ళకి ఇటుకల పండగ, అంటే ఊరంతా అడవికి వేటకెళ్ళే పండగ. పండగకి ఊరెళ్తే మళ్ళీ మూడు వారాల దాకా కొండ దిగరు. సోమవారం సాలూరు నుంచి గచ్చు పని వాళ్ళు వస్తామన్నారు. నెలాఖరుకి అక్కని ఇంటికి పంపేస్తామంది ఆసుపత్రి. సాయంత్రంలోగా ఏడో గోడ పడకపోతే గచ్చు లేదు. గచ్చు లేకపోతే అక్కకి గది లేదు.

ఉదయం పది నలభైకి గాసన్న తూర్పు గదిలో నిలబడి మూడుసార్లు తట్టాడు.

అవతల నుంచి రెండుసార్లు వినిపించింది. మెల్లగానే గానీ స్పష్టంగా.

నాకు చిరాకేసింది. "చిలకమ్మా, వేళాకోళం ఆపి ఇవతలికి రా," అని కేకేశాను.

"నానిక్కడున్నాను బాబూ," అంది నా వీపు వెనక నుంచి. "నా తట్ట కూడా ఇక్కడే ఉంది."

తలలు లెక్కపెట్టాను. ఆరుగురూ తూర్పు గదిలోనే ఉన్నారు. నాతో ఏడుగురం. వరండా చుట్టూ తిరిగి పడమటి గదిలోకి వెళ్ళి చూశాను. పైకప్పు లేదు, సామాను లేదు. ఊడ్చిన నేల మీద ఎండ పడుతోంది. అంతే.

ఇక నా పని మొదలుపెట్టాను. గాసన్న చేత నాలుగుసార్లు తట్టించాను. జవాబు లేదు. మూడుసార్లు తట్టించాను. రెండు వినిపించాయి. మిగిలి ఉన్న ఆరో గోడ మీద మూడు తట్టించాను. ఏమీ లేదు. రైలు అదురేమో అనుకుని చెవొగ్గి విన్నాను. లైను మీద ఏ బండీ లేదు. గూడ్సు వెళ్తే ఎలా అదురుతుందో నాకు తెలుసు, అది రెండు దెబ్బలతో ఆగదు. ఎండకి మట్టి బిగుసుకుంటే చప్పుడొస్తుంది గానీ అది మనం అడిగినప్పుడే రాదు.

తరువాత ముగ్గురిని అటు, ముగ్గురిని ఇటు నిలబెట్టాను. తట్టగానే చప్పుడు ఎటు నుంచి వచ్చిందో వేలితో చూపించమన్నాను. తూర్పు గదిలో వాళ్ళు పడమటి వైపు చూపించారు. పడమటి గదిలో వాళ్ళు తూర్పు వైపు చూపించారు. మనుషుల్ని మార్చి మళ్ళీ చేశాను. అదే.

నిజం చెప్పొద్దూ, నాకు సంబరమేసింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మొదటి వంతెన మీదుగా మొదటి లారీ దాటినప్పుడు అలా అనిపించింది. మళ్ళీ ఇప్పుడే.

వరాలు టీ తీసుకొచ్చి గుమ్మంలో ఆగిపోయింది. "ఏటి, అందరూ గోడకి చెవులానించి నిలబడ్డారు? కబుర్లు చెప్తన్నాదా?"

"చెప్పట్లేదు, అడిగితే పలుకుతోంది," అన్నాను. ఆవిడ టీ కెటిల్ గట్టు మీద పెట్టేసి వెళ్ళిపోయింది.

ఇబ్బంది గాసన్నతో వచ్చింది. గునపం పక్కన పెట్టేశాడు. "జవాబొచ్చీసినాది బాబూ. దెబ్బెయ్యనేం."

"అటు ఎవరూ లేరని నువ్వే చూశావు కదా?"

"సూసినాను. జవాబు కూడా ఇన్నాను. కట్టడి కట్టడే."

నాకు కోపం రావాలి. రాలేదు. ఎదురుగా మనిషి కనబడలేదని కట్టడి తప్పితే అది కట్టడి ఎలా అవుతుంది? నేనూ ముప్పై మూడేళ్ళు అలాంటి వాటి మీదే బతికాను. కానీ కళ్ళ ముందు అక్క మొహం. వాళ్ళు పండగకి వెళ్ళాక వేరే మనుషులు దొరకరు. బతిమాలాను. గాసన్న కూలబడి చుట్ట వెలిగించాడు.

అప్పుడు చిలకమ్మ అంది. "ఇటోళ్ళకి అటున్నాది, అటోళ్ళకి ఇటున్నాది. అంటే నడిమినే గదా? ఈ గోడకి తలుపేది? వొచ్చి మన పక్కన నిలబడమంటే ఎలాగొస్తారు?"

నా ప్లాను తీసి చూశాను. ఆవిడ మాట నిజం. పదకొండు గోడల్లో పది గోడలకి తలుపో కిటికీయో గూడో ఏదో ఒకటి ఉంది. ఏడో గోడకి ఏమీ లేదు. కట్టిన రోజు నుంచి అది మూసిన గోడే.

"దెబ్బ వెయ్యకుండా దారి తీస్తే?" అని అడిగాను. "పైనుంచి ఒక్కో ఇటుకా చేత్తో లాగి పక్కన పెడదాం. రెండున్నర అడుగుల వెడల్పు. మనిషి వచ్చేటంత."

గాసన్న చుట్ట ఆర్పాడు. "సేద్దాం. బేగి కానీండ్రా!"

పదకొండున్నరకి మొదలుపెట్టాం. మట్టి మీద నీళ్ళు చల్లి నానబెట్టడం, తాపీ మొనతో కదపడం, ఇటుకని రెండు చేతులతో పట్టి దించడం. నేనూ అందుకున్నాను. వద్దన్నా వినలేదు. ఒక్క దెబ్బ పడకుండా ఎనిమిదడుగుల గోడని నేల దాకా విప్పాం. భోజనాలకి కూడా ఎవరూ లేవలేదు. చివరి వరస తీసేసరికి రెండు ముప్పై ఎనిమిది అయింది. లోపల ఏమైనా ఉంటుందని నేను ప్రతి ఇటుకా తిప్పి చూశాను. మట్టి, గడ్డిపరకలు, అంతకు మించి ఏమీ లేదు.

ఇంటికొచ్చిన వాళ్ళకి కాళ్ళకి నీళ్ళివ్వాలి కదా అని చిలకమ్మ ఆ దారి పక్కన చెంబుతో నీళ్ళు పెట్టింది. ఏడుగురం తూర్పు గదిలో, దారికి ఎదురుగా, గుంపుగా నిలబడ్డాం. పది నిమిషాలు చూద్దామన్నాడు గాసన్న. నేను గడియారం చూస్తూ ప్రతి రెండు నిమిషాలకీ డైరీలో రాశాను. 2.42, మార్పు లేదు. 2.44, మార్పు లేదు. 2.46, మార్పు లేదు. చెంబులో నీళ్ళు కూడా తగ్గలేదు.

రెండు యాభైకి గాసన్న మూడుసార్లు తట్టాడు. జవాబు లేదు. మళ్ళీ తట్టాడు. మూడోసారి నన్ను తట్టమన్నాడు. నేనూ తట్టాను. గోడ పలకలేదు.

ఇక చూడండి! ఆరుగురూ ఒక్కసారిగా అరుచుకుంటూ పడ్డారు గోడ మీద. నలభై నిమిషాల్లో మిగిలిన గోడంతా నేలమట్టం. రెండు గదులూ కలిసిపోయి అంత పెద్ద చోటు కనబడేసరికి ఆ దుమ్ములోనే నేను చప్పట్లు కొట్టాను. చీకటి పడకముందే చెత్త ఎత్తేసి వాళ్ళు పండగకి వెళ్ళిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం భోజనం అయ్యాక వరాలుకి వీడియో చూపించాను. దారి తీసేటప్పుడు తను లేదు కదా, చూసి మెచ్చుకుంటుందని. తను శ్రద్ధగానే చూసింది. ఉన్నట్టుండి అడిగింది, "ఏటండీ, ఎవరికి దారిస్తన్నారు?"

వీడియోలో టైము రెండు నలభై నాలుగు. గుంపుగా నిలబడ్డ మేం ఏడుగురం మెల్లగా రెండుగా విడిపోయాం. ముగ్గురు కుడికి, నలుగురు ఎడమకి. గాసన్న భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. చిలకమ్మ కొంగు సర్దుకుంది. నేను రెండడుగులు వెనక్కి వేసి, తల కొంచెం వంచి, పెద్దవాళ్ళకి చూపించినట్టు, చేత్తో వరండా వైపు చూపించాను. తరువాత మా ఏడు తలలూ ఆ గోడ సందు నుంచి వరండా గుమ్మం దాకా మెల్లగా, కలిసి తిరిగాయి. ఆ మధ్యలో ఏమీ లేదు. ఎండ పడిన నేల. ఆ తరువాత మళ్ళీ అందరం దగ్గరగా జరిగి మొదట్లో లాగే నిలబడ్డాం. నేను తల దించి డైరీలో రాస్తున్నాను. రాసింది నా ముందే ఉంది. మార్పు లేదు.

నాకు అందులో ఒక్క ముక్క కూడా గుర్తు లేదు. ఆ వీడియోని ఎన్నిసార్లు చూశానో రాయడానికి సిగ్గేస్తోంది. మధ్యలో తెగలేదు, అతకలేదు.

పండగ అయ్యాక గాసన్న వరండాకి కుర్చీ ఎక్కే వాలు కట్టడానికి వచ్చాడు. ఫోను చేతికిచ్చాను. రెండుసార్లు చూశాడు. తనకీ, చిలకమ్మకీ, ఎవరికీ అలా జరిగిన జ్ఞాపకం లేదన్నాడు. భయపడతాడేమో అనుకున్నాను. ఫోను తిరిగిచ్చేస్తూ, "మరియాదగానే నిలబడ్డాం గదా బాబూ. అది సాలు," అని సిమెంటు కలపడానికి వెళ్ళిపోయాడు.

నెలాఖరుకి అక్క వచ్చింది. మళ్ళీ పెంకులు వేసిన కప్పు కింద, కొత్త గచ్చు మీద, సరిగ్గా ఏడో గోడ ఉన్న చోట, ఎడమ చేత్తో చక్రం తోసుకుంటూ కుర్చీని గుండ్రంగా ఒక చుట్టు తిప్పింది. ఎక్కడా తగల్లేదు. ఇంకో చుట్టు తిప్పి, ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి పైకి నవ్వింది. ఆ చోటు ఆవిడకి ఎవరు ఖాళీ చేసి ఇచ్చి వెళ్ళారో నాకు తెలియదు. ఇప్పటికీ చెప్పలేను.