చివరి రొట్టె

ఎమ్మిగనూరులో మా పక్కింటి పెనం మీద జొన్నరొట్టె మాడిన వాసన వస్తోంది. మా పాప లెక్క చేస్తోంది. సగమూ పావూ కలిపితే ఎంత?

ఆస్పరి దగ్గర మా ఊరి బళ్లో నాకూ ఇదే లెక్క చెప్పారు. ఆ ఏడు అమ్మా నాయనా మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి, కోతల కాలం వలసకి, పోయారు. ఇంట్లో అవ్వా నేనూ మిగిలాం. చివరి రొట్టెను ఉన్నవాళ్లందరికీ సమానంగా తుంచడం మా అలవాటు. నలుగురం ఉన్నప్పుడు నాకు పావు వచ్చేది. వాళ్లు పోయాక సగం వచ్చింది.

సార్ బోర్డు మీద రొట్టె గీసి, "సగాన్ని గూడా పావులు చేయాల. అప్పుడే లెక్క సరిపోతాది" అన్నారు.

ఆ సాయంత్రం చివరి రొట్టెను నేనే నాలుగు ముక్కలు చేశాను. అవ్వకొకటి, నాకొకటి. మిగిలిన రెండూ గంపలో పెట్టి మూత వేశాను.

"అవి ఎవురికే?" అంది అవ్వ.

"అమ్మకీ నాయనకీ. నాలుగు చేస్తేనే లెక్క సరిపోతాదంట."

పొద్దున చూస్తే గంప ఖాళీ.

"వాళ్లు వచ్చినారా అవ్వా?"

"వచ్చినారు. తినిపోయినారు. బడికి పో."

నన్ను లేపకుండా పోయారని తెలిసినా ఏడుపు రాలేదు. ఆ సుగ్గి అంతా రోజూ నాలుగు ముక్కలే చేశాను. ఎండిన ఆ ముక్కల్ని మజ్జిగలో నానేసుకుని అవ్వే తినేదని పెద్దయ్యాక తెలిసింది.

అమ్మా నాయనా నిజంగా తిరిగొచ్చిన సాయంత్రం అమ్మ రొట్టె తుంచింది. నా చేతిలోకి రోజూ వచ్చే పావే వచ్చింది. వాళ్లు వచ్చినట్టే నాకు అనిపించలేదు.