పాలపీక వాసన

నా చిన్నప్పుడు మా ఇంట్లో ముక్కు మూసుకుని తిరిగే మనిషిని నేనొక్కదాన్నే. మాది ధర్మవరం. పక్క సందులో పట్టునూలు ఉడకబెట్టారంటే ఆ పూట నాకు అన్నం సహించేది కాదు. దేన్ని చూసినా ఓకరించేదాన్ని. మా అవ్వ, అంటే మా నాయన తల్లి, నాకు రోతలమారి అని పేరు పెట్టింది.

ఆ ఏడు మా అక్క హిందూపురం నుంచి కాన్పుకు వచ్చి మగబిడ్డను కన్నది. బిడ్డకు మూడో నెల రాగానే దిగులు పెట్టుకుంది. "నా పాలు నీళ్ల మాదిరి ఉండాయవ్వా, వీనికి యాడ సాలుతాయి?" అని ఒకటే పాట. అవ్వ ఎంత సర్దిచెప్పినా వినలేదు. అత్తగారింటి నుంచి పాలపొడి డబ్బా, గాజు పాలసీసా తెప్పించుకుంది. సీసా ముచ్చటగా ఉండేది. బిడ్డ సగం తాగి నిద్రపోతే మిగిలిన పాలు గూట్లో పెట్టి, లేవగానే మళ్లీ నోటికి అందించేవాళ్లం. పారబోయడానికి ఎవరికీ చేతులు రావు కదా.

కొన్నాళ్లకు వాడికి విరేచనాలు పట్టుకున్నాయి. ఆకుపచ్చగా, నురగలు నురగలుగా పోయేవాడు. గడప దాటకముందే కంపు ముక్కు పగలగొట్టేది. ఆ గుడ్డలు దొడ్లోకి చేరవేసే పని, నా ఖర్మకొద్దీ, నాకు పడింది. పుల్లతో ఎత్తి, మొహం పక్కకు తిప్పుకుని, లోపల్లోపల వాడిని తిట్టుకుంటూ మోసేదాన్ని. ఒకరోజు వాడి మొహం చూసి తిట్టడం మానుకున్నాను. కళ్లు లోపలికి పోయాయి. ఏడుద్దామని నోరు తెరిస్తే గొంతు రావడం లేదు.

ఆసుపత్రికి తీసుకుపోతే ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు తాగించి, సీసా మానేసి రొమ్మే ఇవ్వమని చెప్పి పంపారు. అక్క నీళ్లయితే తాగించింది గానీ సీసా మాత్రం వదల్లేదు. సీసా లేకపోతే బిడ్డ ఆకలితో పోతాడని ఆమె భయం. సీసా ఉంటేనే పోతాడని అవ్వ భయం. చివరికి ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం కూడా తగ్గించేశారు.

ఒక పొద్దున అవ్వ నన్ను అక్క ఎదురుగా కూర్చోబెట్టి, పాత పంచెగుడ్డతో కళ్లకు గంత కట్టింది. "దీని ముక్కుకు మొగమాటం లేదు. అది ఏం చెప్తాదో విను" అని అక్కతో అన్నది. తర్వాత నా ముక్కు దగ్గర ఏదో పెట్టింది. కొంచెం పులిసిన మజ్జిగ వాసన వచ్చింది. ఆ మాటే చెప్పాను. తర్వాత రెండోది పెట్టింది. విరిగిన పాలలో ఎలుక చచ్చినట్టుంది. "ఇది మనోడి గుడ్డ, తీసెయ్ అవ్వా" అని వెనక్కి జరిగాను.

అవ్వ గంత విప్పింది. మజ్జిగ అని నేను చెప్పింది పక్కింటామె బిడ్డ దొడ్డికి పోయిన గుడ్డ. మా వాడి వయసే ఆ బిడ్డది, తల్లిపాలు తప్ప ఇంకొకటి ఎరగదు. గుడ్డ మీద ఆవపిండి రంగులో పడి ఉంది. ఇంత రోతలమారినీ దాన్ని దగ్గరగా చూస్తూ కూర్చున్నాను. రెండోది గుడ్డ కాదు, మా పాలసీసా పీక. అవ్వ దాన్ని తిరగేసి గోటితో గీసింది. గోటి కిందికి తెల్లటి జిగురు పాచి వచ్చింది, మధ్యమధ్య నల్లటి చుక్కలు. నేను అక్కడికక్కడే కక్కేశాను.

"పాలు ఎంత మంచివైనా చెడిన తోడేస్తే పెరుగు కుళ్లిపోతాది గదమ్మా. వీని కడుపులో మనం దినామూ ఈ తోడే వేస్తాండాం" అన్నది అవ్వ, గొంతు పెంచకుండా.

అక్క ఆ పీక అందుకుని తను కూడా వాసన చూసింది. బిడ్డను ఒళ్లోకి లాక్కుని రొమ్ము నోట్లో పెట్టి, వాడి తల మీద కన్నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. అక్కకు పాలు మళ్లీ పడడానికి రోజులు పట్టింది. ఈలోపు చాలకపోతే ఉడకబెట్టిన గిన్నెలో పాలపొడి అప్పటికప్పుడు కలిపి, చెంచాతో పట్టేవాళ్లు. వాడు నెమ్మదిగా కోలుకున్నాడు. ఇప్పుడు పెనుకొండలో ఉంటాడు. ఈ కథ చెప్తే మనవళ్ల ముందు సిగ్గుపడతాడు.

పసిబిడ్డల పేగుల్లో మేలు చేసే క్రిములు ఉంటాయని, వాటికి తల్లిపాలే మేత అని ఈ మధ్య ఫోన్లలో డాక్టర్లు చెప్తుంటే వింటున్నాను. సంతోషం. అయితే ఆ వీడియో చూస్తున్న తల్లి సంచిలోనే మూతలేని పాలపీక తాళంచెవులతో కలిసి దొర్లుతుంటే నాకు ఒళ్లు మండుతుంది.

బిడ్డల గుడ్డలంటే నాకిప్పుడు రోత లేదు, వట్టి చేతులతో ఉతుకుతాను. పాలసీసా కనపడితే మాత్రం అది ఎవరిల్లయినా సరే, పీక ఊడదీసి, తిరగేసి, వాసన చూస్తాను. పరువు తీస్తున్నావత్తా అని కోడలు గొణుగుతుంది. గొణగనీ. ఆనాటి కంపు నా ముక్కును ఇప్పటికీ వదల్లేదు. అది ఇంకొక బిడ్డ నోట్లోకి పోతుంటే నేను చూస్తూ కూర్చోలేను.