ముందు పక్కిళ్ళ దీపాలు చూడాలి

మా డాక్టరమ్మ పోయారు. పోయింది కాకినాడలో. ఆ కబురు జగిత్యాల పక్కనున్న మా ఊరికి దోహా మీదుగా వచ్చింది. ఆమె ఫోన్‌లో చివరగా మాట్లాడిన నంబరు చూసి మేనకోడలు దానికి చేసిందట. అది ఖతర్‌లో ఉండే ఒక సుడాన్ ఆవిడది. ఆ ఆవిడ నాకు చేసింది.

"డ్రైవర్, దక్తోరా ఖలాస్," అంది.

అరబ్బీలో ఖలాస్ అంటే అయిపోయిందని. నేనక్కడ ఉన్నన్నాళ్ళూ డీజిల్ అయిపోయినా, డ్యూటీ అయిపోయినా, హోటల్లో పరోటాలు అయిపోయినా అదే మాట. మనిషికి కూడా అది సరిపోతుందా అని ఆలోచిస్తుండగానే అవతల ఏడుపు మొదలైంది. నేను ఫోన్ చెవికి ఆనించుకుని కూర్చున్నాను.  

మా ఊళ్ళో నన్ను దుబాయ్ తాత అంటారు. నేను దుబాయ్‌లో కాలు పెట్టినవాణ్ణి కాను. ఒకసారి విమానం అక్కడ ఆగితే అద్దంలోంచి చూశాను, అంతే. మావాళ్ళకు సముద్రం దాటితే కువైటైనా, మస్కటైనా, ఖతరైనా అంతా దుబాయే. మొదట్లో సరిదిద్దేవాణ్ణి. "అట్లనా తాతా, మరి దుబాయ్‌ల ఖతర్ ఏ దిక్కున్నది?" అని ఒకాయన అడిగాక ఆ పని మానుకున్నాను. ఈ సంగతి ఇప్పుడెందుకంటారా? వస్తాను. నా మాట ఎప్పుడూ ఇలా పక్కదారి పట్టే వస్తుంది. దాన్ని చివరిదాకా వినే ఓపిక డాక్టరమ్మకే ఉండేది.

చమురూ గ్యాసూ డబ్బు కురిపిస్తున్న రోజులవి. నిన్న వెళ్ళిన రోడ్డు ఇవాళ ఉండేది కాదు. దోహా పక్కన కొత్తగా లేస్తున్న లుసైల్ అంటే అప్పటికింకా ఇసుక, క్రేన్లు, రాబోయే మేడల బొమ్మలు వేసిన బోర్డులు. నేను దోహాలోనే అబూ హమూర్ అనే పేటలో ఒక ల్యాబ్‌కు వ్యాన్ నడిపేవాణ్ణి. గడ్డల్లోంచి తీసిన చిన్న చిన్న ముక్కల్ని పాడవకుండా ఫార్మలిన్ మందులో వేసి క్లినిక్కులవాళ్ళు డబ్బాల్లో ఇస్తే, అవి తెచ్చి దించడం నా పని. వాటిని మైక్రోస్కోపు కింద చూసి ఏమిటో తేల్చడం డాక్టరమ్మ పని. నేను బడిలో చదివింది కొంచెమే. మిగిలిన చదువంతా సిగ్నళ్ళ దగ్గర, క్లినిక్కుల బయట, దొరికిన కాగితమల్లా చదివి తెచ్చుకున్నదే.

ఆమె మైక్రోస్కోపుకు ఎదురెదురుగా కళ్ళు ఆనించి చూసే అద్దాలు రెండు జతలుండేవి, ఇద్దరు ఒకేసారి చూసేట్టు. అవతలి కుర్చీ ఎప్పుడూ ఖాళీయే. దాని మీద ఆమె టిఫిన్ డబ్బా, ఏసీ చలికి కప్పుకునే శాలువా ఉండేవి. పెళ్ళి చేసుకోలేదో, చేసుకుని ఒంటరి అయ్యారో నేనడగలేదు, ఆమె చెప్పలేదు. నేను డబ్బాలు దించి వెళ్ళబోతుంటే, కన్ను అద్దాల్లోంచి తీయకుండానే అనేవారు.

"ఏమయ్యా, అప్పుడే వెళ్ళిపోతున్నావా? కాసేపు ఏదో ఒకటి మాట్లాడు. తెలుగు విని వారమైంది."

"ఏం మాట్లాడాలమ్మా?"

"నీకు చెప్పాలా! ఆపమంటే కదా కష్టం."

గుమ్మం దగ్గర నిలబడి చెప్పేవాణ్ణి. రౌండెబౌట్ దగ్గర తారసపడ్డ ఒంటె గురించి, క్యాంప్‌లో మావాళ్ళు వండిన పచ్చిపులుసు గురించి. ఆమె చెయ్యి స్లైడును మెల్లగా జరుపుతూనే ఉండేది. నవ్వొచ్చినచోట మాత్రం చెయ్యి ఆగేది. అలా తెలిసేది నాకు, వింటున్నారని.

అందులో ఏం చూస్తారని ఒకసారి అడిగాను.

"మీవైపు పొలంలో కలుపు మొలిస్తే ఏం చేస్తారు?"

"పీకుతం."

"పీకినా మళ్ళీ వస్తే?"

"యాడికెల్లి నీళ్ళు తాగుతుందో చూసి మడవ కడతం."

"అదే నా పని. ఏ నీళ్ళు తాగుతోందో చూడటం."

రొమ్ము క్యాన్సర్ కణాల్లో మూడు రకాల ప్రోటీన్లు ఉన్నాయో లేవో చూస్తారట. రెండు ఒంట్లోని ఆడ హార్మోన్లను పట్టుకునేవి. మూడోది కణాన్ని ఆగకుండా పెరగమని తరిమేది. మందు పోసి రంగు తేలిస్తే, ప్రోటీన్ ఉన్నచోట పాత చింతపండు రంగు వస్తుంది. హార్మోను తాగే గడ్డయితే రోజుకో మాత్రతో ఏళ్ళ తరబడి దాని మడవ కట్టొచ్చు. మూడూ లేనిదాన్ని మూడూ నెగటివ్ అంటారు. దానికి ఆ మాత్రలు పనిచేయవు, అది పాకడంలో కూడా తొందరెక్కువ. ఆఫ్రికా ఆడవాళ్ళలో ఆ రకం ఎక్కువగా కనబడుతుందని, చిన్న వయసులోనే వస్తుందని ల్యాబ్‌లో అందరూ అనేవారు. అందులో నిజం ఉందనే ఆమె కూడా చెప్పారు. "కానీ ఎక్కువమందిలో ఉందంటే ఈమెలో ఉందని కాదయ్యా," అని ఒక ముక్క కలిపేవారు.

ఇక ఫోన్ చేసిన ఆవిడ. ఆమె మా ల్యాబ్‌లో చాయ్ పెట్టేది. అందరం ఖాలా అని పిలిచేవాళ్ళం. అరబ్బీలో పిన్ని వరస. మా తెలంగాణలో ముస్లింల ఇళ్ళలోనూ అదే పిలుపు కాబట్టి నాకు నోరు తిరిగింది. అప్పటికి నలభై కూడా దాటలేదు. పిల్లలు సుడాన్‌లో వాళ్ళ అమ్మమ్మ దగ్గర. ఒకరోజు చాయ్ ఇస్తూ ఖాలా తన రొమ్ములో గడ్డ ఉందని డాక్టరమ్మకు సైగ చేసి చెప్పింది. కంపెనీ పంపిన క్లినిక్కులో సూది వేసి ముక్క తీశారు. ఆ ముక్క మా ల్యాబ్‌కే వచ్చింది.

రంగు తేలలేదు. మూడూ నెగటివ్.

నేనప్పుడు డబ్బాలు దించుతున్నాను. మా ఇన్‌చార్జి డాక్టర్ స్లైడు చూసి లేచాడు. చెడ్డవాడు కాడు, తొందర మనిషి. ఇద్దరూ ఇంగ్లీషు, హిందీ కలిపి మాట్లాడుకున్నారు.

"ఆఫ్రికన్, చిన్న వయసు, మూడూ నెగటివ్. పుస్తకంలో ఉన్నట్టే ఉంది మేడమ్. సంతకం పెట్టేద్దాం."

"పుస్తకం రాసినాయన ఈవిణ్ణి చూసి రాయలేదండి."

"ఆఫ్రికాలో అంతే కదా."

"ఆఫ్రికా ఒక ఊరా? సుడాన్ ఎక్కడ, నైజీరియా ఎక్కడ!" అని నావైపు చెయ్యి చూపించారు. "ఇతని ఊళ్ళో గల్ఫ్ మొత్తాన్నీ దుబాయ్ అంటారట. మీరన్నదీ అలాగే ఉంది."

చూశారా, నా పక్కదారి మాటలు ఎక్కడ తేలాయో! నేను ఎప్పుడో గుమ్మంలో నిలబడి వాగింది ఆమె దాచుకున్నారు. ఇన్‌చార్జి నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

అసలు కారణం ఆమె తర్వాత విడమరిచి చెప్పారు. గడ్డ పక్కన ఆరోగ్యంగా ఉన్న కణాలు కూడా కొన్ని ఆ ముక్కలో ఉంటాయి. వాటిలో హార్మోను ప్రోటీన్ ఎంతో కొంత ఉండి తీరాలి, ఆ రంగు తేలాలి. ఖాలా ముక్కలో అవి కూడా పాలిపోయి ఉన్నాయి. అంటే ముక్క మందులో పడకముందే పాడై ఉండాలి.

"వీధిలో ఒక్క ఇంట్లో దీపం లేకపోతే అది ఆ ఇంటి చీకటి. అన్ని ఇళ్ళలోనూ లేకపోతే?"

"కరెంటు పోయినట్టమ్మా."

"మరి ఒక ఇంటివాళ్ళని పట్టుకుని మీ ఇంట్లో దీపం లేదనడం ఏం న్యాయం? ముందు పక్కిళ్ళ దీపాలు చూడాలి."

రంగు తేలాలంటే ఖాలా మళ్ళీ సూది వేయించుకోవాలి. ఖాలా ససేమిరా అంది. అప్పటికే ఆశ వదిలేసుకుంది. పిల్లల దగ్గరికి వెళ్ళిపోతానంటోంది. వెళితే అక్కడ పరీక్ష ఎవరు చేస్తారు, మాత్ర ఎవరిస్తారు? డాక్టరమ్మకు అరబ్బీ రాదు. నన్ను మధ్యన కూర్చోబెట్టారు. నా అరబ్బీ అంతా పెట్రోల్ బంకుల్లోనూ చెక్‌పోస్టుల్లోనూ నేర్చింది. దానితో క్యాన్సర్ గురించి చెప్పమంటే ఏం చెప్పను?

"ఆ గడ్డని ఒకసారి అడిగారు, లేదంది," అంటుంది ఖాలా. "మళ్ళీ అడిగితే మళ్ళీ లేదంటుంది. ఎన్నిసార్లు పొడుస్తారు?"

డాక్టరమ్మ కరెంటు కథ చెప్పారు. నేను అరబ్బీ చేశాను. "కహరబా మాఫీ," అన్నాను. కరెంటు లేదని. "నీ ఇంట్లోనే కాదు. వీధంతా మాఫీ."

ఖాలా నన్నే చూసింది. తర్వాత ఒక్కసారిగా నవ్వింది. సుడాన్ మనిషికి కరెంటు పోవడం గురించి నేను చెప్పాలా! "మావైపు కరెంటు పోతే మా అమ్మ ముందు తలుపు తీసి వీధిలోకి చూస్తుంది," అంది. నేను తెలుగు చేశాను. డాక్టరమ్మ, "మా అమ్మా అంతే," అన్నారు. మా అమ్మా అంతే. ఎప్పుడూ దీపం ఆరని ఆ దోహాలో చీకటి వీధులు ఎరిగినవాళ్ళం ముగ్గురం కూర్చుని నవ్వుకున్నాం.

ఖాలా ఒప్పుకుంది. రెండోసారి ముక్క తీసిన వెంటనే మందులో వేయించడానికి డాక్టరమ్మ స్వయంగా వెళ్ళి పక్కన నిలబడ్డారు. స్లైడు తయారైన రోజు అవతలి కుర్చీలోంచి టిఫిన్ డబ్బా తీసి, శాలువా తీసి, ఖాలాను అందులో కూర్చోబెట్టారు. ఆ కుర్చీలో మనిషిని చూడటం నాకదే మొదలు.

"ముందు ఇటు చూడు. వీళ్ళు బాగున్నవాళ్ళు. వీళ్ళని పలకరించాకే అటు వెళ్ళాలి," అన్నారు. మంచి కణాల్లో చింతపండు రంగు. స్లైడు జరిపారు. గడ్డలోనూ అదే రంగు, ఇంకా చిక్కగా. హార్మోను తాగే గడ్డే అది. మూడో ప్రోటీన్ మాత్రం లేదు.

"ఇది నేనేనా?" అంది ఖాలా. ఆ ప్రశ్నను తెలుగులోకి ఎలా తేవాలో నాకు చేతకాలేదు. డాక్టరమ్మకు అవసరమూ పడలేదు.

అందరి కథా అలా తిరగలేదు. ఆ తర్వాత ఒక ఇథియోపియా అమ్మాయిది వచ్చింది. పక్కిళ్ళలో దీపాలు బాగానే ఉన్నాయి, ఆ ఒక్క ఇంట్లోనే లేవు. ఆ రోజు డాక్టరమ్మ నన్ను మాట్లాడమనలేదు. "కరెంటు ఉందయ్యా," అని మాత్రం అన్నారు. ఆమె నోట నేను విన్న అన్నిటికన్నా బాధ మాట అది. నేను డబ్బాలు దించేసి చప్పుడు లేకుండా బయటికొచ్చాను.

తర్వాత ఆమె కాకినాడ వెళ్ళిపోయారు, నేను ఊరికొచ్చేశాను. ఖాలా మాత్రం అక్కడే మిగిలింది. ప్రతి శుక్రవారం డాక్టరమ్మ ఖాలాకు ఫోన్ చేసేవారట. ఇద్దరికీ కలిసిన భాష లేదు. "బిళ్ళ?" అని ఈమె అడగడం, "ఐవా, బిళ్ళ," అని ఆమె ఔననడం. ఖాలా మాత్రలు ఆపేసి ఏళ్ళయిందట. పోయిన శుక్రవారం కూడా అడిగారట.

నాకూ చేసేవారు అప్పుడప్పుడు. "మాట్లాడవయ్యా," అని ఫోన్ పక్కన పెట్టి ఏదో పని చేసుకునేవారు. గిన్నెల చప్పుడు వినబడేది. నవ్వొచ్చినచోట చప్పుడు ఆగేది. మా ఆవిడ పోయాక అలా ఆగే చప్పుడు కోసమే మాటలు పోగేసి పెట్టుకునేవాణ్ణి. ఈ నెలవి కొన్ని అలాగే ఉండిపోయాయి. మా ఊళ్ళో కోతి ఒకటి సెల్ టవర్ ఎక్కిన కథ ఉంది. పెద్దది, పక్కదారులు చాలా ఉన్నాయి.

ఖాలా ఏడ్చి ఏడ్చి ఫోన్ పెట్టేసింది. నేను అరుగు మీదే ఉండిపోయాను. పొద్దు గూకింది. వెనక్కి తిరిగి చూస్తే ఇల్లు చీకటిగా ఉంది. అలవాటు కొద్దీ ముందు వీధిలోకి చూశాను.

అన్ని ఇళ్ళలోనూ దీపాలు వెలుగుతున్నాయి. కరెంటు ఉంది.