ఇరవై రెండో కాగితం

ఆఫీసులో ఆయన్ని అందరూ ‘ఒక్కసారి గారు’ అంటారు. ఎదురుగా కాదు లెండి, వెనకాల. ఏ సంగతి ఎత్తినా తిరిగి తిరిగి “ఒక్కసారే వాడాలి, ఒక్కసారే!” అన్న చోటికే వచ్చి ఆగుతారాయన.

ఆయన పని సంకేతాలు తయారుచేయడం. ఆసుపత్రిలో మంచం పక్కన గంట నొక్కితే, ఏ మంచం, ఏ జబ్బు, ఏం కావాలి అన్న కబురు గాలిలో వెళ్లి నర్సు బల్ల మీదికి చేరుతుంది. దారిలో ఇంకెవరూ దాన్ని చదవకూడదు. గంటలోని చిప్పు గోరంత, బ్యాటరీ చిటికెన వేలంత. వాటితోనే ఒక రహస్య సంఖ్య నుంచి సున్నాల, ఒకట్ల ధార పుట్టించి, కబురును అందులో కలిపేస్తారు. అవతలి వైపు అదే ధార పుట్టించి తీసేస్తే కబురు బయటపడుతుంది. ఒకసారి వాడిన ధార మళ్లీ వాడకూడదు, అంతే షరతు. అందుకని ప్రతి కబురుకీ ఒకటి, రెండు, మూడు అంటూ కొత్త ఆరంభ సంఖ్య వేస్తారు. అది అందరికీ కనబడినా ఫరవాలేదు, మళ్లీ రాకపోతే చాలు.

ఇంత పట్టింపున్న మనిషి ఇంట్లో మాత్రం ఒకే జోకును పదకొండేళ్లుగా వాడుతున్నారు. వచ్చిన ప్రతి చుట్టానికీ అదే జోకు, అదే నవ్వు. భార్య అది మొదలవగానే లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది.

ఈ గంట మీద ఆయన ఏడేళ్లు తల బద్దలు కొట్టుకున్నారు. సోమవారం ఆయన సంతకం పెడితే గంటలు ఆసుపత్రులకు వెళ్లిపోతాయి. ఆ తర్వాత తప్పు బయటపడితే, చదవకూడని వాళ్ల చేతిలో రోగుల గుట్టు పడుతుంది. ఆఫీసు పరీక్షలన్నీ అయిపోయాయి. అయినా మూడు వారాల కిందట పరికరాన్ని ఇంటికి తెచ్చి, మేడ మీద ఉండే మరదలితో పందెం వేశారు. ఆవిడ ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతుంది. బావగారి తప్పులు దిద్దడానికి జీతం కూడా అడగదు.

“రోజూ సాయంత్రం నా మనసులో మాట ఒకటి ఇందులో కొట్టి, సంకేతం అచ్చు తీసి ఇస్తాను. ఒక్క ముక్క చదువు చూద్దాం!” అన్నారాయన. గొప్ప కోసం మొదటి కాగితానికి అసలు మాటలు కూడా రాసిచ్చారు, ఏ అక్షరానికి ఏ అంకెలో పట్టికతో సహా. “అన్నీ చేతిలో పెట్టినా నీ వల్ల కాదు.” ఆ మొదటి కాగితం నిండా తన చిప్పును తానే పొగుడుకున్నారు కాబట్టి అది చాలా పొడవుగా వచ్చింది.

నిజంగానే ఆవిడ వల్ల కాలేదు. ఇరవై ఒక్క రోజులు కాగితాలు తీసుకుంది, ఇరవై ఒక్క రోజులు మూతి ముడుచుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం గోడ గడియారం ఆగిపోయింది. ఇల్లాలు ఊరుకుంటుందా? పరికరంలోని బ్యాటరీ తీసి గడియారానికి వేసి, కొత్తది కొనుక్కొచ్చి పరికరానికి పెట్టింది. ఈ మాత్రం దానికి ఆయనకు చెప్పేదేముందనుకుంది.

ఆ రాత్రి మరదలు అలవాటు కొద్దీ కాగితాలను వరుసలో పేర్చింది. ప్రూఫులు దిద్దేవాళ్లు ముందు పేజీ నంబర్లు చూస్తారు, తర్వాతే అక్షరాలు. ఇరవై రెండో కాగితం పైన, ఆరంభ సంఖ్య అచ్చయ్యే చోట, ‘22’ బదులు ‘1’ అని ఉంది. ఇన్ని పరీక్షలు పెట్టిన బావగారు ఆ ఒక్క అంకె వంక చూడలేదు.

రెండు కాగితాలకూ ఒకే ధార! మొదటి దాని అసలు మాటలు చేతిలోనే ఉన్నాయి. మొదటి కాగితంలోంచి ఆ మాటలు తీసేస్తే ధార మిగులుతుంది, దాన్ని ఇరవై రెండో కాగితంలోంచి తీసేస్తే చాలు. శనివారమంతా పెన్సిల్ పట్టుకుని కూర్చుంది.

ఆదివారం అందరి ముందూ, వడ్డించాక, గొంతు సవరించుకుని కాగితం చదివింది. “‘ఇవాళ కూరలో ఉప్పు ఎక్కువైంది. బాగుందని చెప్పాను.’”

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఇల్లాలు గరిటె కింద పెట్టింది.

“ఓహో! ఇన్నేళ్లూ ఇలాగే బాగుందన్నారన్నమాట. మిగతాది చదవవే.”

మరదలు కాగితం మడిచింది. “మిగతాది రాలేదక్కా. పైన అంకె చూడండి బావగారూ, ఒకటి రెండుసార్లు పడింది.”

ఆయన చూశారు. “దీని బ్యాటరీ ఎవరైనా తీశారా?” అని అడిగారు. ఇల్లాలు గడియారం వంక చూసింది. ఆసుపత్రుల్లో బ్యాటరీలు మార్చిన ప్రతిసారీ లెక్క ఒకటి నుంచి మొదలవుతుందన్నమాట. మిగతాది రాలేదన్న మాట మాత్రం ఆయన నమ్మలేదు. మొదటి కాగితం పొడవెంతో తనకు తెలుసు, ఇరవై రెండోది మొత్తం విప్పడానికి అది చాలు. మరదలి కంచంలో ఇంకాస్త కూర వేశారు.

సోమవారం సంతకం పెట్టలేదు. “ఇంత పెద్ద తప్పు ఎవరు పట్టారు?” అని పై అధికారి అడిగితే, “మా మరదలు” అన్నారు. ఆఫీసంతా వారం రోజులు నవ్వింది. బ్యాటరీ తీసినా ఆరంభ సంఖ్య చెరిగిపోకుండా సరిచేయడానికి మూడు నెలలు పట్టింది.

సరిచేసిన పరికరంలో పాత లెక్క తిరిగి ఎక్కించి ఇంటికి తెచ్చి, ఆవిడ ముందే ఒక కాగితం అచ్చు తీశారు. బ్యాటరీ తీశారు, పెట్టారు, ఇంకో కాగితం అచ్చు తీశారు. ఇరవై మూడు, ఇరవై నాలుగు.

“నంబర్లు సరిగ్గా ఉన్నాయి. ఇక అచ్చుకు పంపొచ్చు” అంది మరదలు. తర్వాత గొంతు తగ్గించి, “ఇప్పుడు భయం పోయిందా బావగారూ?”

ఆ శుక్రవారం ఉప్పు మాట కింద ఆయన రాసుకున్నది అదే. ‘ఏడేళ్ల పని. ఎక్కడో తప్పుంది, నాకు కనబడటం లేదు. భయంగా ఉంది. ఎవరితో చెప్పను?’

“రాలేదన్నావుగా!”

“ఒక్కసారే చదివాను” అంది ఆవిడ.