పదకొండు రోజుల నల్లతెర

ఆయన్ని వీధిలో అందరూ 'పారెయ్యొద్దు' అనే పిలిచేవారు. కాస్త మర్యాద తెలిసినవాళ్ళు చివర 'గారు' తగిలించేవారు. పాడైపోయిన కంప్యూటరు మోసుకుని ఎవరు కొట్లోకి వచ్చినా, దాని మూతయినా విప్పకముందే ఆయన నోట్లోంచి వచ్చే మొదటి మాట అదే. "పారెయ్యొద్దండీ, చూద్దాం." టైలరు కొట్టు పక్కనున్న మెట్లెక్కితే పైన ఇరుకు గది. గోడ పొడవునా బల్ల, బల్లకి బిగించిన భూతద్దం దీపం, సొరుగుల నిండా ఏ యంత్రం నుంచి ఊడొచ్చాయో ఎవరికీ తెలియని మరలు. చచ్చిపోయిందని నలుగురు తేల్చేసిన బోర్డుని కూడా లేపి నిలబెడతాడని పేరు. ఆ పేరంటే ఆయనకి ప్రాణం.

పెళ్ళి కూడా ఆ కొట్టు వల్లే అయింది. కొట్టు పెట్టిన కొత్తలో బోర్డు మీద 'కంప్యూటర్ మరమ్మత్తులు' అని రాయించాడు. ఎదురుగా ఉన్న ప్రెస్సులో ప్రూఫులు దిద్దే అమ్మాయి ఒకరోజు మెట్లెక్కి వచ్చింది. చేతిలో ఏ వస్తువూ లేదు.

"మీ బోర్డులో ఒక వత్తు ఎక్కువుందండీ. మరమ్మతు అనాలి. రోజూ బస్సు కోసం నిలబడి దాన్నే చూడాల్సొస్తోంది. కంట్లో నలుసు పడ్డట్టుంది" అంది.

ఆయన ఆ సాయంత్రమే నిచ్చెన వేసుకుని వత్తు గీకేశాడు. మర్నాడు ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. "గీకిన చోట మచ్చ మిగిలిపోయింది." ఏడాది తిరిగేసరికి ఇద్దరికీ పెళ్ళయింది. ఇంట్లో సరుకుల చీటీని కూడా ఆవిడ ఎర్ర పెన్సిలుతో దిద్దేది. ఆయన హడావిడిలో పాలు అని రాయబోయి 'పలు' అని రాస్తే, "పలు ఏంటి? పలు కారణాలా, పలు సమస్యలా?" అని పొద్దుటే పట్టుకునేది.

పందొమ్మిదేళ్ళ కాపురం తర్వాత ఆ ఎర్ర పెన్సిలు ఆవిడ వేళ్ళ మధ్య నుంచి జారడం మొదలుపెట్టింది. మొదట నవ్వుకున్నారు. తర్వాత గ్లాసు జారింది. తర్వాత చెయ్యే లేవలేదు. మరుసటి ఏడాది కాళ్ళు, ఆపై ఏడాది గొంతు. కండరాలు ఒక్కొక్కటే సెలవు తీసుకుపోయే జబ్బు అది. "బుద్ధికేం కాదు. కళ్ళు అన్నిటికన్నా చివరిదాకా ఉంటాయి" అన్నాడు నరాల డాక్టరు. అందులో ఓదార్పు ఎంతుందో ఆయనకి అప్పుడు అర్థం కాలేదు.

ఆ కళ్ళకి ఒక దారి చూపించింది ఒక పాత డెస్క్‌టాప్. మూతపడిన ఏదో చికిత్సా కేంద్రం వాళ్ళు సామాను ఖాళీ చేస్తుంటే ఆయనే దాన్ని ఇంటికి మోసుకొచ్చాడు. తెర కింద చిన్న కెమెరా ఉంటుంది. అది కనుపాపల్ని కనిపెడుతుంది. తెర నిండా అక్షరాలు, గుణింతాలు, వత్తులు. ఆవిడ చూపు ఎక్కడుంటే అక్కడ ఎర్రచుక్క ఉంటుంది. క్షణం నిలిపితే ఆ అక్షరం పడుతుంది. వాక్యం అయ్యాక యంత్రం దాన్ని పైకి చదువుతుంది. ఆ కెమెరా చేసినవాళ్ళు దుకాణం కట్టేసి చాలాకాలమైంది. ఆ పెట్టెలో తప్ప ఇంకెక్కడా అది పనిచెయ్యదు. పైగా దాని గొంతు మగవాడిది.

అది పలికిన మొదటి రోజే ఆవిడ చెప్పించిన మాట: "ఇన్నాళ్ళకి ఈ ఇంట్లో నాకు మగగొంతు వచ్చింది. ఇక నా మాటే చెల్లుతుంది."

"ఎప్పుడు చెల్లలేదు కనక!" అన్నాడాయన. కాలేజీలో చదువుకునే కూతురు పడీపడీ నవ్వింది.

రెండేళ్ళు ఆ గొంతుతోనే ఇల్లు నడిచింది. కూతురి చదువు, కరెంటు పోతే ఎవరికి ఫోన్ చెయ్యాలో, ఆయన చొక్కా మీద మరక, అన్నీ ఆ మగగొంతే చెప్పేది.

ఒక ఉదయం కూతురు కాలేజీకి బయల్దేరుతూ తల్లి ముందు నిలబడింది. ఆవిడ ఏదో చెబుతోంది. తెర మీద 'చిన్నీ నీ జ' అనే వరకు పడింది. అంతలో అక్షరాల మీద అడ్డదిడ్డంగా గీతలు పరుచుకున్నాయి. మరుక్షణం తెర నల్లబడింది.

ఆయన మూత విప్పి చూశాడు. గ్రాఫిక్స్ కార్డు, అంటే తెరకి బొమ్మ పంపించే కార్డు, మాడిపోయింది. మాడిన వాసన వస్తున్నా ఆయన ముఖం తేటపడింది. "ఓస్, కార్డేగా! పెద్ద ప్రాణాంతకమేం కాదు."

ఆ సాయంత్రం ఆవిడ అక్క వచ్చింది. ఆసుపత్రిలో నర్సు.

"మరిదీ, మా వార్డులో కళ్ళతో రాసే కొత్త యంత్రం ఒకటి ఖాళీగా ఉంది. మన అక్షరాలున్నాయి అందులో. ఎల్లుండికల్లా తెప్పిస్తాను" అంది.

"వద్దొదినా. కొత్తదంటే అక్షరాల వరసే వేరుగా ఉంటుంది. మొదటికొస్తుంది వ్యవహారం. తన కళ్ళు దీనికి అలవాటు పడ్డాయి."

"నీ యంత్రం బాగయ్యేదాకా అదుంచుకోవయ్యా, పోయేదేముంది?"

"నాలుగు రోజులు వదినా. నాలుగే రోజులు. ఇదే చేతకాకపోతే నేనెందుకు?" అని ఆయన భార్య వైపు తిరిగాడు. "నేను బాగుచేస్తాను. ఆగుతావా?"

ఆవిడ ఆయన వంకే చూసి ఒక్కసారి కళ్ళు మూసి తెరిచింది. వాళ్ళింట్లో ఒక్కసారంటే ఔను.

పాత సామాన్ల బజారులో అదే రకం కార్డు రెండో రోజే దొరికింది. బిగించి మీట నొక్కాడు. ఫ్యాను తిరిగింది, తెర మాత్రం వెలగలేదు. ఆయనకి సంగతి తెలిసిపోయింది. ప్రతి కార్డులోనూ ఎనిమిది కాళ్ళతో గింజంత చిప్పు ఒకటుంటుంది. కరెంటు రాగానే కార్డు తన గురించి యంత్రానికి ఏం చెప్పాలో అందులో రాసి ఉంటుంది. దాన్నే ఫర్మ్‌వేర్ అంటారు. ఈ కార్డులో రాసింది వేరే జాతి కంప్యూటర్ల కోసం. ఆ పాత పెట్టెకి అది అర్థం కాదు. ఉన్నది చెరిపేసి పెట్టెకి తెలిసిన భాషలో తిరగరాయాలి. దాన్ని ఫ్లాష్ చెయ్యడం అంటారు. పాత యంత్రాల మీద మమకారం చావనివాళ్ళు ఇంటర్నెట్‌లో చేసుకునే చర్చల్లో వెతికి వెతికి, దానికి కావలసిన ఫైలు పట్టుకున్నాడు.

తీరా చూస్తే ఆ ఫైలు చిప్పులో పట్టేదానికి రెండింతలుంది. కుండెడు నీళ్ళు చెంబులో పోసినట్టు. ఎవరో ఫైలుని కత్తిరించి ఇరికించవచ్చని రాశారు. నాలుగో రోజు అదీ చేసి చూశాడు. కార్డు అసలు పలకడమే మానేసింది. ముందుగా దాచుకున్న పాత ఫైలు మళ్ళీ ఎక్కించి దాన్ని బతికించాడు గాని, మొదలెట్టిన చోటికే వచ్చాడు. ఇక మిగిలింది ఒక్కటే దారి. ఆ చిప్పుని పీకేసి, దాని చోట పెద్ద చిప్పు టంకం పెట్టాలి. అది ఊళ్ళో లేదు. తెప్పించాలి.

"ఇంకో మూడు రోజులు" అన్నాడు భార్యతో. ఆవిడ ఒక్కసారి కళ్ళు మూసి తెరిచింది.

ఈలోగా కూతురు ఊరుకోలేదు. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు మీద నల్ల మార్కరుతో అక్షరాలు రాసింది. షీటుని తల్లి ముఖానికీ తన ముఖానికీ మధ్య పట్టుకుని, తల్లి చూపు ఏ అక్షరం మీద ఆగిందో అవతలి వైపు నుంచి చూసి ఒక నోటుబుక్కులో రాసుకునేది. గుణింతాలన్నిటికీ చోటు చాలక ఉత్త అక్షరాలే పెట్టింది. మొదటి రోజు పావుగంట కుస్తీ పట్టాక వచ్చిన అక్షరాలు ఇవి: వ, త, త, ల, ల, వ. కూతురు రెండుసార్లు చదువుకుని, "వత్తుల్లేవు!" అని అరిచింది. ఇరవై ఏళ్ళు ప్రూఫులు దిద్దిన మనిషి వేరే ఏమంటుంది! తల్లి కళ్ళలో నవ్వు కనిపించిందని కూతురు ఇప్పటికీ చెబుతుంది.

ఎనిమిదో రోజుకి చిప్పు వచ్చింది. ఆయన భూతద్దం కింద పాత చిప్పు కాళ్ళు వేడి చేస్తుండగా కూతురు కొట్టు మెట్లెక్కి వచ్చింది.

"నాన్నా, అమ్మ రమ్మంటోంది."

"ఐదు నిమిషాలమ్మా. ఇప్పుడు చెయ్యి తీస్తే కార్డు పోతుంది."

"నిన్ను పిలవమని మరీ మరీ చెప్పింది."

ఆయన తల ఎత్తలేదు. "రేపో ఎల్లుండో ఆవిడే తన గొంతుతో పిలుస్తుంది. నువ్వెళ్ళు, వస్తున్నా."

చిప్పు కాలితో పాటు కార్డు మీది రాగి ముక్క కూడా లేచొచ్చింది. దాన్ని వెంట్రుకంత తీగతో కలిపేసరికి కొట్లు మూసే వేళయింది.

మర్నాడు మధ్యాహ్నం కూతురు కాలేజీలో ఉంది. ఆయన భోజనానికి ఇంటికొచ్చి, భార్య నోరు తుడిచి, షీటు పట్టుకున్నాడు. ఆయనకి ఆ విద్య సరిగా రాదు. ఆవిడ చూపు 'చ' మీద ఆగింది. చాలాసేపటికి 'ల' మీదికి వచ్చింది.

"చలా? చలేస్తోందా?" అని ఆయన ఆత్రంగా లేచి, బీరువాలోంచి దుప్పటి తెచ్చి మెడదాకా కప్పాడు. అంచులు మడిచి సర్దాడు. ఔనందో కాదందో ఆగి చూడలేదు. ఆవిడ కళ్ళు తెరిచే ఉన్నాయి. "ఇంకొక్క రోజు" అని చెప్పి కొట్టుకి వెళ్ళిపోయాడు.

పదకొండో రోజు ఉదయం పెద్ద ఫైలు పెద్ద చిప్పులోకి చివరి అక్షరం దాకా ఎక్కింది. ఆయన కార్డుని తువ్వాలులో చుట్టుకుని, పసిబిడ్డని తెచ్చినట్టు ఇంటికి తెచ్చాడు. మీట నొక్కాడు. బూడిద రంగు వెలుగు, ఆ తర్వాత వరసగా అక్షరాలు.

"చిన్నీ! వచ్చింది! రావే, వచ్చింది!"

భార్యని లేపి దిండ్లు పెట్టి తెర ముందు కూర్చోబెట్టారు. ఎర్రచుక్క కనిపించింది. 'మ' మీదికి వెళ్ళింది, ఆగలేదు. కిందికి జారింది. మళ్ళీ పైకి వచ్చి మళ్ళీ జారింది. కెమెరా వంకర అయిందేమోనని ఆయన సర్దాడు. తెర ఎత్తాడు, దించాడు, కిటికీ తెర లాగాడు. సాయంత్రం దాకా అదే పని. వదిన వచ్చి కాసేపు చూసింది. జేబులోంచి చిన్న టార్చి తీసి చెల్లెలి కళ్ళలోకి వెలుగు పట్టి, ఆర్పేసింది.

"మరిదీ, కెమెరా కాదయ్యా. చెల్లి కళ్ళే అలిసిపోయాయి."

తెర ఆ రోజంతా నిక్షేపంగా వెలిగింది. ఆ తర్వాతా వెలిగింది. ఒక్క గీత లేదు, ఒక్క మచ్చ లేదు. ఆయన చేసిన పనులన్నిట్లోకీ మంచి పని అదేనేమో. ఎర్రచుక్క మాత్రం ఏ అక్షరం మీదా నిలబడలేదు. రెప్పలు కూడా ఔనో కాదో చెప్పలేని స్థితికి వచ్చాయి. తొమ్మిది రోజుల తర్వాత, ఆయన ఆవిడ జుట్టు దువ్వుతుండగా, ఊపిరి ఆగిపోయింది.

నెల గడిచాక ఒక మధ్యాహ్నం తండ్రీకూతుళ్ళు ఆ గది సర్దుతున్నారు. మంచం మీది దుప్పటి మడుస్తూ ఆయనన్నాడు.

"మీ అమ్మ నాతో చివరిసారి చెప్పింది చలేస్తోందనే. పోన్లే, దుప్పటైనా కప్పాను."

కూతురు చేతిలో పని ఆగిపోయింది. "చలి అందా? ఏ అక్షరాలు చూసింది నాన్నా?"

"చ, ల."

ఆ పిల్ల బల్ల సొరుగులోంచి నోటుబుక్కు తీసి, ఎనిమిదో రోజు పేజీ తెరిచి ఆయన చేతికిచ్చింది. అందులో మూడు వరసలున్నాయి.

చ ల.
న న న న.
ప ల వ.

దాని కిందే కూతురు అర్థం రాసుకుంది. 'చాలు. నాన్నని పిలువు.'

ఆయన ఆ పేజీని వెలుగులోకి పట్టుకుని చూశాడు, ఏదో అతుకు సరిగ్గా పడిందో లేదో చూసినట్టు.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్పాను నాన్నా. రమ్మంటోందని చెప్పాను."

"చాలంది అని చెప్పలేదుగా."

"చెబితే వచ్చేవాడివా?" అని అడిగి, అడిగినందుకు ఆ పిల్లే ఏడ్చేసింది. ఆయన కూతుర్ని దగ్గరికి తీసుకున్నాడు. సమాధానం ఇద్దరికీ తెలుసు.

ఆ తర్వాత ఆయన కొట్టు మూసెయ్యలేదు. పని లేకుండా ఉండడం ఆయనకి చేతకాదు. కానీ ఎవరైనా "ఎన్నాళ్ళు పడుతుంది?" అని అడిగితే రోజులు చెప్పడం మానేశాడు. "తెలీదండీ. ఈలోగా ఇంకోటి పెట్టుకోండి. పని ఆపుకోవద్దు" అంటాడు. పాత ఖాతాదారులు వింతగా చూస్తారు.

వదిన ఆర్నెల్లు ఆ గడప తొక్కలేదు. ఒక ఆదివారం వచ్చింది. కూతురు టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. ఇద్దరూ వీధి అరుగు మీద కూర్చున్నారు. ఆయనే అడిగాడు.

"వదినా, నువ్వు చెప్పినప్పుడే ఆ కొత్త యంత్రం పెట్టుంటే, మాట్లాడేదా?"

వదిన అబద్ధం చెప్పి ఓదార్చే మనిషి కాదు. జవాబు చెప్పే ముందు చెప్పులు విప్పి, కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుంది, వెళ్ళే తొందర లేనట్టు.

"మాట్లాడేదయ్యా. ఓ వారం, పది రోజులు."

ఆయన తలూపాడు. మళ్ళీ తలూపాడు. అప్పుడు, భార్య పోయిన తర్వాత మొదటిసారి, రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని పైకి ఏడ్చాడు. వదిన ఆయన వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. లోపల టీ మరిగి పొంగిన చప్పుడైంది. కూతురు మాత్రం బయటికి రాకుండా స్టవ్ దగ్గరే నిలబడిపోయింది.