ఎర్రబడని లైటు

తెనాలిలో నాకు రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే చిన్న దుకాణం ఉండేది. ఆ పనిలో నన్ను మించినవాడు చుట్టుపక్కల లేడని నా నమ్మకం. అనుకుని ఊరుకునే రకాన్ని కాదు, దుకాణానికి వచ్చిన ప్రతివాడితోనూ చెప్పేవాణ్ణి. తొంభైల మొదట్లో మా నాన్న కోసం ఒక టార్చిలైటు తయారుచేశాను. నేను చేసిన వస్తువులన్నిటిలోకీ అదే గొప్పదని ఇప్పటికీ అంటాను. అయితే దాన్ని రెండుసార్లు చేయాల్సి వచ్చింది.

నాన్న తాపీ మేస్త్రీ. ఎండాకాలం కాలువలకు నీళ్లు ఆపేశాక ఆయనకొక ప్రత్యేకమైన పని పడేది. మా వైపు మురుగుకాలువ పంటకాలువను దాటాలంటే, దాని అడుగున కట్టిన తూములో దూరి అవతల తేలాలి. ఏడాదికోసారి నీళ్లు తోడించి, ఆ తూములోకి ఒక మనిషి దిగి, ఎక్కడ గోడ పగిలిందో, ఎక్కడ గచ్చు లేచిందో చూసి రావాలి. ఆ మనిషి నాన్న. తూము మధ్యలో బాగా పల్లంలోకి దిగుతుంది కాబట్టి మిట్టమధ్యాహ్నం కూడా లోపల కన్ను పొడుచుకున్నా కనపడదు. ఎంత తోడినా అడుగున నడుంలోతు నీళ్లు, వాటికింద బురద, పాత కాంక్రీటులోంచి పొడుచుకొచ్చిన ఇనుపచువ్వలు ఉండేవి. కాలు దిగబడితే లాక్కోవడానికి లైటు ఒక్కటే తోడు.

తూములో నాన్నకు రెండు అలవాట్లు. లోపలున్నంతసేపూ పెద్దగొంతుతో చర్చి కీర్తనలు పాడేవాడు. పాట వినబడుతోందంటే మేస్త్రీ బాగానే ఉన్నాడని బయటివాళ్లు నిశ్చింతగా బీడీలు ముట్టించుకునేవారు. రెండోది, లైటు ఎర్రబడిందంటే చాలు, పని ఎంత మిగిలినా వెనక్కి తిరిగేవాడు. మామూలు సెల్లులు చెప్పి మరీ చస్తాయి. తెల్లటి వెలుగు ముందు పచ్చబడుతుంది, తర్వాత ఎర్రబడుతుంది, ఆ తర్వాత గానీ ఆరిపోదు. ముప్పై ఏళ్లుగా ఆయన ఆ ఎరుపును నమ్ముకునే తూముల్లో తిరిగాడు.

అయితే ఆయన చూపు మందగించింది. అంతకుముందు ఏడాది రేపల్లె దగ్గర ఒక తూములో పగులు కంటపడక వదిలేసి వచ్చాడు. నీళ్లు వదిలాక అది కారింది. ఎవరూ గట్టిగా ఏమీ అనలేదు గానీ, కాలువ కాపలా చూసే లస్కరు మాత్రం, మేస్త్రీ గారు ఇక ఇంటిపట్టున ఉండొచ్చు కదా అన్నాడట. ఆ మాట నాన్న అన్నం దగ్గర రెండుసార్లు చెప్పాడు. మూడోసారి చెప్పకముందే, ఈసారి పగులు నీ కళ్లముందుకు వచ్చి నిలబడేంత లైటు చేసిస్తానని మాటిచ్చాను.

ఐదు సెల్లుల పొడుగాటి స్టీలు లైటు ఆయనకు ముందే ఉంది. బాపట్లలో కాలేజీ లాబులకు సామాను అమ్మే దుకాణంలో మైక్రోస్కోపుకు వాడే హాలోజన్ బల్బు కొన్నాను. చిటికెనవేలి గోరంత ఉంటుంది, వెలిగితే కళ్లు బైర్లు కమ్ముతాయి. దాని వేడికి ప్లాస్టిక్ మూత కరుగుతుందని గాజుబిళ్ల కోయించాను. ఇక మిగిలింది దానికి తిండి పెట్టడం. మామూలు సెల్లులు ఆ బల్బు ఆకలికి అరగంట ఆగవు. చార్జింగు చేసుకునేవే కావాలి.

నా బల్ల మీద మూడు రకాలు పెట్టుకుని వారం రోజులు చూశాను. మోపెడ్ బ్యాటరీకి బలముంది గానీ వంగితే యాసిడ్ కారుతుంది. తూములో మనిషి వంగకుండా ఎలా ఉంటాడు? రెండోది ఎమర్జెన్సీ లైట్లలో వేసే సీలు బ్యాటరీ. యాసిడ్ బయటికి రాదు, కానీ ఇటుకంత బరువు, లైటు లోపల పట్టదు, సంచీలో వేసి భుజాన తగిలించుకోవాలి. మూడోది మద్రాసు నుంచి తెప్పించిన నికెల్ కాడ్మియం సెల్లులు. అచ్చం మామూలు సెల్లుల్లాగే ఉంటాయి, ఐదూ గొట్టంలో సరిగ్గా కూర్చున్నాయి. వాటి గొప్పేమిటంటే చార్జి ఉన్నంతసేపూ వెలుగు ఒక్కలాగే ఉంటుంది. మీటరు పెట్టి చూశాను, ముల్లు కిందికి జారలేదు. ఇంకేం ఆలోచిస్తాను!

నాన్న లైటు చేతిలోకి తీసుకుని దుకాణం వెనకగదిలో గోడ మీద వేసి చూశాడు. సున్నం మీద చీమ నడవడం కూడా కనబడింది. ఆయన మొహం వెలిగిపోయింది. లైటు ఆర్పి అడిగాడు.

"ఇది ఎప్పుడు ఎర్రబడుద్దిరా?"

"ఎర్రబడదు నాన్నా. అదే దీని గొప్ప."

మరి అయిపోతోందని తెలిసేదెట్లా అన్నాడు. గంట పైగా వస్తుంది, తూము మొత్తం రెండుసార్లు చూసి రావొచ్చని నవ్వేశాను. ఆయన ఇంకేదో అడగబోయి మానుకున్నాడు. కొడుకు చదువుకున్నవాడు కదా అనుకుని ఉంటాడు.

ఈసారీ రేపల్లె దగ్గర ఆ తూమే. నాకూ చూడాలని ఉండి ఆయనతో రైలెక్కాను. ఇక్కడే నా తెలివి బయటపడింది. రైల్లో ఎదురుగా కూర్చున్నవాళ్లకు లైటు వేసి చూపించాను. రేపల్లెలో దిగాక టీకొట్టు దగ్గర, పట్టపగలు, ఎదురుగా ఉన్న రైసుమిల్లు గోడ మీద వేసి, ఎండలో కూడా ఎలా కనబడుతోందో చూడమన్నాను. ఇంకోసారి, ఇంకోసారి అని జనం అడగడం, నేను వేయడం. తూము దగ్గరికి వెళ్లాక లస్కరుకు విడిగా చూపించాను, ఆయనకు మరీ ఎక్కువసేపు. నాన్న చేతికి ఇచ్చేటప్పుడు కూడా వెలుగు మొదటి క్షణంలో ఎంత తెల్లగా ఉందో అంతే తెల్లగా ఉంది. అందుకే నాకు అనుమానమే రాలేదు.

నాన్న పంచె ఎగ్గట్టి, తలకు తుండు చుట్టి, ప్రార్థన చేసుకుని దిగాడు. కీర్తన మొదలైంది. తూములో గొంతు ఖంగున మోగుతోంది. మొదటి చరణం, రెండో చరణం. లస్కరు బీడీ వెలిగించాడు. పాట దూరమైంది, పల్లంలోకి దిగాడని లెక్కేసుకున్నాను. మూడో చరణం మధ్యలో పాట ఆగిపోయింది.

లస్కరు బీడీ పారేశాడు. నేను తూము నోట్లోకి వంగి నాన్నా అని పిలిచాను. నా కేకే నాకు తిరిగొచ్చింది. అప్పుడు లెక్క తట్టింది. రైలు, టీకొట్టు, మిల్లు గోడ, లస్కరు. చార్జంతా నేనే బయట తగలేశాను. చెప్పులు వదిలేసి లోపలికి దూరాను, నా దగ్గర అగ్గిపుల్ల కూడా లేదు. పల్లంలోకి దిగి పది అడుగులు వేశానో లేదో, బురద పట్టుకుంది. ముందు ఏముందో తెలియదు, వెనక్కి తిరిగినా ఏమీ తెలియడం లేదు. జీవితంలో అంత భయం నాకెప్పుడూ వేయలేదు. మా నాన్నను నేనే చంపుకున్నానని అనుకున్నాను.

అంతలో పాట మళ్లీ మొదలైంది. సన్నగా, మెల్లగా, ఆగిన పదం దగ్గర్నుంచే. ఆయన గోడ మీద చెయ్యి వేసుకుని, ఒక్కో అడుగూ తడుముకుంటూ వస్తున్నాడు. ఆ గొంతుకు ఎదురుగా నేనూ పిలుస్తూ నిలబడ్డాను. చివరికి ఆయన చెయ్యి నా భుజం మీద పడింది.

బయటికొచ్చి గట్టు మీద కూర్చున్నాడు. అరచేతులు చెక్కుకుపోయాయి, పిక్క మీద చువ్వ గీసిన చోట రక్తం కారుతోంది. నీళ్లు తాగాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండు. లైటు నా ఒళ్లో పెట్టి, నెమ్మదిగా అన్నాడు.

"ఎర్రబడలేదురా."

అంతకుమించి ఆ రోజే కాదు, ఎన్నడూ ఏమీ అనలేదు.

తెనాలి వచ్చిన మర్నాడే ఆ సెల్లులు ఊడదీసి, ఇటుకంత సీలు బ్యాటరీ తగిలించాను. వెనకగది తలుపులు వేసుకుని, లైటు వెలిగించి, గడియారం ముందు పెట్టుకుని కూర్చున్నాను. తెలుపు పోయి ఎరుపు తిరిగిన దగ్గర్నుంచి పూర్తిగా ఆరేదాకా ఎంతసేపో మూడుసార్లు చూశాను. ఇరవై నిమిషాలకు తగ్గలేదు. నా పాత ఖాకీ ప్యాంటు చింపి బ్యాటరీకి సంచీ కుట్టించాను. బరువుగా, మోటుగా ఉంది. దాన్ని దారిలో ఎవరికీ చూపించలేదు.

వారానికి నాన్న పిక్క మానింది, తూము పని మాత్రం అలాగే ఉంది. ఈసారి సంచీ నేను భుజాన వేసుకుని ఆయన వెంట దిగాను. ఆయన పాడుతున్నాడు, నేను లైటు పట్టుకున్నాను. కిందటేడు తప్పిపోయిన పగులు పల్లం దాటాక, వెంట్రుకవాసి గీతలా కనబడింది. ఆయన వేలితో దాన్ని పొడుగునా తడిమి, సుద్దతో గుర్తు పెట్టాడు. అవతలి గోడ ఇంకా చూడాలి. వెలుగు కొంచెం పచ్చబడింది. తర్వాత, దీపం వత్తి తగ్గించినట్టు, ఎర్రబడింది.

నాన్న పాట ఆపి లైటు వైపు చూశాడు.

"అదిగో, చెప్పింది. పదరా" అన్నాడు.

నా చేతిపని నీరసపడుతుంటే చూసి అంత సంతోషపడటం నాకు అదే మొదలు. ఇద్దరం వెనక్కి తిరిగాం. తూము నోట్లోంచి ఎండ కనబడేసరికి కూడా నా చేతిలో ఎర్రటి వెలుగు ఇంకా మిగిలే ఉంది.